మామగారు చదివిన పేజీ

ఆ రోజుకు డిజైనరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మామగారి చేత పేజీ చదివించాలి. పదకొండింటికి దాన్ని కమిటీ ముందు పెట్టాలి. పన్నెండింటికల్లా ఉద్యోగం ఖాయం చేయించుకుని, ఒంటిగంటకు ఇంటికొచ్చి, భోంచేసి, ఆరు నెలలుగా వాయిదా వేస్తున్న మధ్యాహ్నపు నిద్ర పోవాలి. ఇందులో కష్టమైన పని ఒక్కటీ లేదని అతను గట్టిగా నమ్మాడు.

అతను ఒక కంటి ఆసుపత్రి వెబ్‌సైటుకు డిజైనరు. ఆరు నెలలు చూసి ఆ తర్వాత చెబుతామని తీసుకున్నారు. ఆ ఆరు నెలలూ ఇవాళ్టితో ముగుస్తాయి. పేజీ నచ్చితే ఉంటాడు, నచ్చకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. సైటంతా తయారైపోయింది. మిగిలింది ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు సూచనలిచ్చే పేజీ ఒక్కటే. అందులోనూ తేలనిది ఒక్కటే సంగతి. అక్షరాల వెనక ఏ రంగు ఉండాలి?

మొదట్లో అతను తెలుపు మీద నల్లటి అక్షరాలు పెట్టాడు. డైరెక్టరమ్మ చూసి, "కరెంటు బిల్లులా ఉంది. మనది కంటి ఆసుపత్రి కదండీ, చూడగానే కళ్ళకి హాయిగా ఉండొద్దూ?" అంది. అతను లేత నీలం మీద ముదురు బూడిద రంగు పెట్టాడు. "ఇంకాస్త హాయిగా" అంది. లేతాకుపచ్చ మీద మామూలు బూడిద పెట్టాడు. "దారిలో పడ్డారు" అంది. అలా ఆవిడ హాయి పెరుగుతున్నకొద్దీ అక్షరాలు పాలిపోతూ వచ్చాయి. ఐదో విడతకు వెన్నరంగు మీద గోధుమపిండి రంగు అక్షరాల దగ్గర తేలాడు.

అక్షరాలు పాలిపోయినప్పుడల్లా ఆఫీసులో టెస్టర్ అడ్డుపడేది. తయారైన పేజీలో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడిన కాసేపూ అంకెలే మాట్లాడుతుంది. "సార్, అక్షరానికీ వెనక రంగుకీ తేడా లెక్కేస్తే, తెలుపు మీద తెలుపైతే ఒకటి. తెలుపు మీద నలుపైతే ఇరవై ఒకటి. మామూలు అక్షరాలకి నాలుగున్నరకి తగ్గకూడదు. మీది ఒకటి పాయింట్ మూడుకొచ్చింది."

"అంకెలతో కాదండీ, మనుషులు కళ్ళతో చదువుతారు. మా మామగారికి డెబ్భై నాలుగేళ్లు. కళ్ళజోడు లేకుండా టకటకా చదివేస్తున్నారు."

"వేరే ఏదైనా రాసిచ్చి చూశారా?"

"కన్ను బాగుంటే చాలదా? ఏది రాస్తే ఏమిటి?" అన్నాడు అతను. ఆవిడ ఆ అంకెను తన పుస్తకంలో తేదీ వేసి రాసుకుంది.

సరే, ఆ ఉదయం ఎనిమిదింటికి అతను భోజనాల బల్ల మీద కాఫీ కప్పులు పక్కకు జరిపి, లాప్‌టాప్‌ను మామగారి వైపు తిప్పాడు. "మామయ్యగారూ, ఇదే ఆఖరిసారి. కాస్త చూసిపెడతారా?"

మామగారు వీపు నిటారుగా పెట్టి, గొంతు సవరించుకున్నారు. ముప్ఫై రెండేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి ఎప్పుడొస్తుందో చెబుతూ చెబుతూ రిటైరయ్యారు. "ఆపరేషన్ రోజున ఉదయమే తలస్నానం చేసి రావాలి. మొహానికి పౌడరు, క్రీము రాసుకోకూడదు. ఆపరేషన్ తర్వాత చుక్కల మందు రోజుకు ఆరుసార్లు వేసుకోవాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ కన్ను నలపకూడదు…" అని పదకొండు సూచనలూ గుక్కతిప్పుకోకుండా చదివేశారు. ఎక్కడా తడబాటు లేదు.

"రంగు ఎలా ఉంది మామయ్యగారూ?"

"అద్భుతంగా ఉంది అల్లుడుగారూ. మీ అభిరుచికి తిరుగేముంది?" అన్నారు. ఏ రంగో మాత్రం చెప్పలేదు.

వంటింట్లోంచి ఆయన కూతురు తల బయటపెట్టింది. "నిజంగా కనిపిస్తోందా నాన్నా? కనిపించకపోతే చెప్పు. ఆపరేషన్‌కి వచ్చే వారమే తేదీ ఇస్తామన్నారు."

"కనిపించకపోతే ఎలా చదువుతానే?" అన్నారు మామగారు.

ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో ఒక్క మామగారికే తెలుసు. ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఎదురుగా లాప్‌టాప్ ఉందని తెలుస్తోంది, దాని పక్కన అల్లుడున్నాడనీ తెలుస్తోంది, అంతకుమించి ఏమీ తెలియడం లేదు. అయితే మొదటి విడతలో, తెలుపు మీద పెద్ద పెద్ద నల్లటి అక్షరాలున్న రోజున, ముక్కు తెరకు ఆనించి రెండుసార్లు చదువుకున్నారు. వందల బస్సుల వేళలు నోటికి చెప్పిన మనిషికి పదకొండు సూచనలు ఒక లెక్కా? ఆ తర్వాత ఎన్నిసార్లు రంగు మారినా మాటలు మారలేదు కాబట్టి ఆయన చదవడం మానేసి అప్పజెప్పడం మొదలుపెట్టారు. కారణం పెద్దదేమీ కాదు, భయం. కంటి దగ్గరికి కత్తి వస్తుందన్న ఊహకే ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకునేవారు. ఈ పేజీ చదువుతున్నంతకాలం కూతురు ఆపరేషన్ మాట ఎత్తదు. అందుకని అల్లుడు పిలిచినప్పుడల్లా ఆయన ఎంతో ఉత్సాహంగా వచ్చి కూర్చునేవారు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. నాలుగో విడత నుంచీ డిజైనరుకే ఆ పేజీ కనిపించడం మానేసింది. కళ్ళు చిట్లించి చూశాడు, దూరం నుంచి చూశాడు, దగ్గర్నుంచి చూశాడు. శుక్లాలున్నాయని అందరూ అనుమానించే డెబ్భై నాలుగేళ్ల మనిషి గడగడా చదువుతుంటే, ముప్ఫై ఆరేళ్ల తనకు కనిపించడం లేదంటే తప్పు ఎవరిది? తన కళ్ళదే. కంటి ఆసుపత్రిలో చూపు సరిగా లేని డిజైనరును ఎవరు ఉంచుకుంటారు? ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో ఒక కళ్ళజోడు కొని సంచీ అడుగున దాచాడు. అది పెట్టుకుంటే పేజీతోపాటు గోడలు కూడా కనిపించడం మానేశాయి. దాంతో జబ్బు బాగా ముదిరిందని తేల్చుకుని, ఇక తన కళ్ళను పూర్తిగా పక్కనపెట్టి, మామగారి కళ్ళ మీదే భారం వేశాడు.

పదకొండింటికి కమిటీ కూర్చుంది. డైరెక్టరమ్మ, పెద్ద డాక్టరు, నర్సింగ్ సూపరింటెండెంటు, ఆఫీసు మేనేజరు. టెస్టర్ ఒక మూల లాప్‌టాప్ దగ్గర కూర్చుంది. మీటింగు గదిలో తెర లేదు. ప్రొజెక్టరు బొమ్మను నేరుగా తెల్లగోడ మీదే వేస్తారు. పేజీ గోడ మీద పడింది. పడిందని డిజైనరు చెబితే అందరికీ తెలిసింది.

ఆఫీసు మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వ్యవహారం ఎటు తిరుగుతుందోనని డిజైనరుకు భయమేసి, చెప్పాల్సినది ముందే చెప్పేశాడు.

"మీరు చూస్తున్న ఈ పేజీని మేడమ్, ఇవాళ పొద్దున డెబ్భై నాలుగేళ్ల పెద్దాయన కళ్ళజోడు లేకుండా చదివారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. ఎక్కడా ఆగలేదు."

ఈ మాటతో గదిలో పరిస్థితి మారిపోయింది. డెబ్భై నాలుగేళ్ల మనిషికి కనిపించేది తనకు కనిపించడం లేదని, అదీ కంటి ఆసుపత్రిలో కూర్చుని, ముందుగా ఎవరు ఒప్పుకుంటారు? సూపరింటెండెంటు, "చాలా హాయిగా ఉంది మేడమ్" అంది. ఆఫీసు మేనేజరు, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి" అన్నాడు. పెద్ద డాక్టరు ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో అందరి చూపూ పరీక్షిస్తున్నవాడు. గోడ వంక గంభీరంగా చూసి, "స్పష్టంగా ఉంది. కళ్ళకి ఏమాత్రం శ్రమ లేదు" అన్నాడు. ఆయన అన్నాక ఇక డైరెక్టరమ్మకు మాత్రం ఎందుకు కనిపించదు?

"చూశారా, మొదట్నుంచీ నేను చెబుతున్నది ఇదే" అంది ఆవిడ. "ఇప్పుడే సైట్లో పెట్టేయండి. అన్నట్టు, ఆ పెద్దాయన్ని మూడింటికి ఒకసారి తీసుకురండి. ఆయన చదువుతుండగా వీడియో తీసి పేజీ పైనే పెడదాం."

"మేడమ్, ఒకటి పాయింట్ మూడు" అంది మూలనుంచి టెస్టర్.

"ఏంటి, టైమా? ఇంకా పదకొండున్నరే కదమ్మా" అంటూ డైరెక్టరమ్మ లేచింది.

పన్నెండింటికి పేజీ లోకానికి తెరుచుకుంది. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మాత్రం వీడియో అయ్యాక ఇస్తామన్నారు. డిజైనరు ఇంటికి ఫోన్ చేసి, మామగారిని మూడింటికి తీసుకురమ్మని భార్యతో చెప్పాడు. మధ్యాహ్నపు నిద్ర అక్కడితో పోయింది.

పన్నెండుంబావుకు రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. పోయిన వారం ఆపరేషన్ అయిన ఒకావిడ. "బాబూ, చుక్కల మందు వేళలు చూద్దామని మీ పేజీ తెరిచాను. ఏమీ కనిపించట్లేదు. ఉత్త తెలుపు. నా కన్ను పోయిందా బాబూ?" అని ఏడుపు మొదలుపెట్టింది. రిసెప్షన్ గుమాస్తా కంగారుపడి వెంటనే వచ్చేయమన్నాడు. ఆ ఫోన్ పెట్టేలోపే ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి. కొందరు పేజీ చూడమని పక్కింటివాళ్లను పిలిచారట. వాళ్లకూ కనిపించకపోయేసరికి వాళ్లు కూడా బయల్దేరారు. రెండింటికల్లా హాల్లో కుర్చీలు నిండి, మెట్ల మీద జనం కూర్చున్నారు.

"ఏదో అంటుకునే జబ్బులా ఉంది సార్" అన్నాడు గుమాస్తా, డిజైనరు అటుగా వెళుతుంటే. "అందరికీ ఒకటే లక్షణం. అన్నీ కనిపిస్తున్నాయి, ఫోన్లో మన పేజీ తప్ప."

డిజైనరు ఐదారుగురి ఫోన్లు తీసుకుని చూశాడు. అన్నిట్లోనూ తెలుపే. అయితే తన కళ్ళ సంగతి తనకు ముందే తెలుసు కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేకపోయాడు. టెస్టర్‌ను అడుగుదామా అనుకుని, ఆవిడ ఏమంటుందో తెలుసు కాబట్టి అదీ మానేశాడు. పైన పెద్ద డాక్టరు నలభై మంది కళ్ళు పరీక్షించాడు. అందరి చూపూ బాగుంది. నలభై ఒకటో మనిషిని కాసేపు ఆగమని, తలుపు గడియపెట్టి, తన కళ్ళు చూడమని జూనియర్ డాక్టరును కూర్చోబెట్టాడు. బాగున్నాయని తేలినా ఆయన మొహం తేలికపడలేదు. జూనియర్ సరిగా చూడలేదేమోనని అనుమానం.

సరిగ్గా మూడింటికి మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని మీటింగు గదిలోకి వచ్చారు. కమిటీ లేచి నిలబడింది. ఆయన్ను గోడకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కాకు చిన్న మైకు తగిలించారు. మైకు తగలగానే మామగారి భుజాలు వాటంతట అవే వెనక్కి వెళ్ళాయి. కెమెరా పట్టుకున్నవాడు చెయ్యి ఊపాడు.

"ఒక్క నిమిషం మేడమ్…" అంది టెస్టర్ లాప్‌టాప్ మీదికి వంగి.

"జనం హాల్లో గోల చేస్తున్నారు, నిమిషాలు లేవు. మొదలుపెట్టండి సార్" అంది డైరెక్టరమ్మ.

మామగారు మొదలుపెట్టారు. గది మార్మోగింది. తలస్నానం దగ్గర్నుంచి చుక్కల మందు దాకా, చుక్కల మందు నుంచి బరువులెత్తకపోవడం దాకా, ఒక్కొక్క సూచనా ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడ్డ బస్సులా వచ్చి నిలబడింది. కమిటీ గోడవైపు చూస్తూ తలలు ఆడించింది. ఆయన ఏ వరుసలో ఉన్నారో చూపిస్తున్నట్టు సూపరింటెండెంటు వేలు కూడా కదిలించింది. పెద్ద డాక్టరు కాస్త ముందుకు వంగి, "ఆ ఐదో లైన్లో అక్షరం మిగతావాటికన్నా కొంచెం చిన్నదిగా లేదూ?" అన్నాడు. ఆఫీసు మేనేజరు పరీక్షగా చూసి, అవునవునన్నాడు. పదకొండో సూచన అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక టెస్టర్ అంది. "నేనింకా పేజీ తెరవలేదు మేడమ్. గోడ మీద ఉన్నది లాప్‌టాప్‌లో తెరిచిన ఖాళీ విండో. అందులో ఏమీ లేదు."

గోడ అంతకుముందు ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. టెస్టర్ అప్పుడు అసలు పేజీ తెరిచింది. గోడలో మార్పేమీ రాలేదు.

"నాన్నా!" అంది కూతురు.

మామగారు తలదించుకున్నారు. "నీళ్లు నమిలి లాభం లేదు తల్లీ. నెలన్నర నుంచీ నాకు నీ మొహమే కనిపించట్లేదు. గొంతు విని గుర్తుపడుతున్నా. కత్తంటే భయమేసింది, అంతే" అన్నారు. అంత పెద్ద గొంతూ సన్నగా అయిపోయింది. కూతురు కోప్పడదామని నోరు తెరిచి, కోప్పడలేక, ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. డిజైనరుకు ముందు సిగ్గేసింది, ఆ వెంటనే ప్రాణం లేచొచ్చింది. తన కళ్ళు బాగానే ఉన్నాయి! ఆ సంతోషంలో ముందూ వెనకా చూసుకోకుండా, "నాకూ కనిపించలేదు మేడమ్. నాలుగో విడత నుంచీ ఒక్క అక్షరం కనిపిస్తే ఒట్టు" అనేశాడు. అన్నాక గానీ తన ఉద్యోగం గుర్తుకు రాలేదు.

డైరెక్టరమ్మ అతని వంక చూసింది. తర్వాత ఐదో లైన్లో అక్షరం చిన్నదన్న పెద్ద డాక్టరు వంక చూసింది. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు.

"అసలిప్పుడు ఏం చెయ్యాలమ్మా?" అంది చివరికి టెస్టర్‌తో.

టెస్టర్ రెండు మీటలు నొక్కింది. వెనక వెన్నరంగు అలాగే ఉంది. దాని మీద అక్షరాలు నల్లగా, నిండుగా లేచి నిలబడ్డాయి. హాల్లోంచి తలుపు సందులో తొంగిచూస్తున్నవాళ్ళు కూడా బయటికే చదువుకోవడం మొదలుపెట్టారు.

"అయ్యో, ఇదే కదా నేనడిగింది. ఇంత హాయిగా ఉంటుందని ముందే ఎందుకు చెప్పలేదు?" అంది డైరెక్టరమ్మ.

"చెప్పాను మేడమ్. ఐదుసార్లు" అంది టెస్టర్, పుస్తకంలో తేదీలు చూపిస్తూ.

ఇక మిగిలింది డిజైనరు సంగతి. తీసేయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. కానీ తీసేస్తే కారణం రాయాలి. కారణం రాయాలంటే, పేజీని కమిటీ చూసిందనీ, నలుగురూ చదివామన్నారనీ, పెద్ద డాక్టరు ఖాళీగోడ మీద ఐదో లైనును విమర్శించాడనీ రాయాలి. ఆ కాగితం ఆసుపత్రిలో నలుగురి చేతుల్లోనూ పడుతుంది. ఉద్యోగం ఖాయం చేస్తే కారణం రాయక్కర్లేదు. కమిటీ ఒకరి మొహాలొకరు చూసుకుని, అతనిలో పట్టుదల ఉందని తేల్చింది. తీర్మానం టైపు చేసే పని టెస్టర్‌కు అప్పగించింది. ఆవిడ పది నిమిషాల్లో టైపు చేసి తెచ్చింది. కింద జనం అరుస్తున్నారు, ఎవరి తొందర వాళ్లది. కాగితం బల్ల చుట్టూ తిరిగింది, కలాలు చకచకా నడిచాయి.

ఐదింటికి మామగారు పై అంతస్తు వార్డులో, మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. పెద్ద డాక్టరు స్వయంగా చేస్తానని మాటిచ్చాడు. డిజైనరు పక్కన కూర్చుని, జేబులోంచి తీర్మానం నకలు తీసి నిమిరాడు.

"అల్లుడుగారూ, అందులో ఏముందో కాస్త చదివి పెడతారా? నాకు కనిపించట్లేదు" అన్నారు మామగారు.

ఆ మాట ఆయన అల్లుడితో అనడం అదే మొదటిసారి. డిజైనరు కాగితం వెలుతురుకు తిప్పి, పెద్దగా, నిదానంగా చదివాడు. "ఒకటి. డిజైనరు ఉద్యోగం ఇవాళ్టి నుంచి ఖాయం. రెండు. ఇకపై రంగుల విషయంలో డిజైనరు టెస్టర్ కింద పనిచేయాలి. మూడు. ఈరోజు ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన నూట పన్నెండు మందికీ డిజైనరు స్వయంగా ఫోన్ చేసి, వాళ్ల కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పి, క్షమాపణ అడిగి, పదకొండు సూచనలూ ఒక్కొక్కరికీ చదివి వినిపించాలి. నాలుగు. ఇది ఆదివారంలోపు పూర్తికావాలి."

"ఇదంతా ఒప్పుకునే సంతకం పెట్టారా?" అడిగారు మామగారు ఆశ్చర్యంగా.

తెల్లకాగితం మీద నల్లటి పెద్ద అక్షరాల కింద ఐదు సంతకాలున్నాయి, మొట్టమొదటిది డిజైనరుదే.